ప్రభు బల్లకు ముందే అన్నయ్య దగ్గరికి వెళ్లండి

వందనాలు బ్రదర్. బోదె (చేలోకి నీళ్లు వచ్చే చిన్న కాలవ) నీళ్ల దగ్గర అన్నయ్యతో మాటామాటా పెరిగి, దాళ్వా (రెండో వరి పంట) నుంచి పలకరింపులే లేవని, ప్రభు బల్లలో (సంఘంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనలో) చెయ్యి వేయడానికి మనసు ఒప్పుకోవట్లేదని రాశారు. తప్పు ఆయనదైతే నేనెందుకు తగ్గాలి అని కూడా అడిగారు.

మత్తయి 5:23-24 నిదానంగా చదవండి. బలిపీఠం దగ్గర నీ మీద నీ సహోదరునికి విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి అతనితో సమాధానపడు అంటాడు ప్రభువు. తప్పెవరిదో తేల్చమనలేదు. పైగా ఆయన ఆ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. అర్పణ అక్కడే వదిలి ఊరికి వెళ్లి రావాలంటే రోజుల తరబడి నడక! మీ అన్నయ్య ఇల్లు కాలవ అవతలే కదా.

అమలాపురం దగ్గర మా చేలో గట్టు విషయమై బాబాయితో నాకూ ఇలాగే అయింది. మొదట సంఘ పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లాను. అదే పొరపాటు. ఆయనకది పంచాయితీలా అనిపించి తలుపే తీయలేదు. మత్తయి 18:15 ముందు ఒంటరిగా మాట్లాడమంటుంది, సాక్షులు ఆ తర్వాతే. రెండోసారి పొద్దున్నే ఒక్కడినే చేనికి వెళ్లి, "ఆ రోజు నేను అరవడం తప్పే బాబాయ్" అన్నాను. గట్టు ఊసెత్తలేదు. ఆయన చాలాసేపు పార ఆపలేదు. తర్వాత, "టీ తాగుదాం రా" అన్నారు.

మీరూ నీళ్ల వంతుల లెక్క మొదటిరోజే తీయకండి. ఆయన మాట్లాడకపోయినా టెన్షన్ పడొద్దు, రోమా 12:18 "మీ చేతనైనంత మట్టుకు" అందరితో సమాధానంగా ఉండమనే అంటుంది. ఎప్పుడు వెళ్తున్నారో చెప్పండి, ఆ పూట ప్రార్థనలో ఉంటాను.