స్టెంట్ నిజంగా అవసరమా కాదా అని డాక్టర్లు దేన్ని బట్టి తేలుస్తారు?

మీ నాన్నగారికి ఒక రక్తనాళంలో 80 శాతం బ్లాక్ ఉందని, వెంటనే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయాలన్నారని, అది అవసరమో కాదో ఎలా తెలుస్తుందని అడిగారు. రెండేళ్ల కింద మా నాయనకూ ఇదే జరిగింది. నేను డాక్టర్ని కాదు. మేము పడింది, అడిగి తెలుసుకున్నది చెబుతాను.

మాది పత్తికొండ దగ్గర పల్లె. టమోటా బాక్సులు ఎత్తేటప్పుడు నాయనకు ఎదలో పట్టేసినట్టు ఉండేది, కూర్చుంటే ఐదు నిమిషాల్లో పోయేది. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేశారు, అంటే గుండె నాళాల్లోకి మందు పంపి ఎక్స్‌రేలో బ్లాక్‌లు చూసే పరీక్ష. నాయన ఇంకా టేబుల్ మీద ఉండగానే నన్ను పిలిచి, స్క్రీన్ మీద నాళం సన్నబడిన చోటు చూపించి, "75 శాతం ఉంది, ఇప్పుడే వేసేస్తాం, సంతకం పెట్టు" అన్నారు. బయట అమ్మ ఏడుస్తోంది. ఆ టెన్షన్‌లో ఎవరైనా సంతకం పెట్టేస్తారు. నాకెందుకో చెయ్యి రాలేదు. ఒక్కరోజు ఆగుతామని చెప్పి, యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని బయటికొచ్చాం.

మరునాడు పెద్దాసుపత్రి గుండె ఓపీకి పోయాం. అక్కడి డాక్టరు సీడీ పక్కన పెట్టి ముందు నాయననే అడిగారు. ఏ పని చేస్తే వస్తుంది? మిద్దె ఎక్కితే వస్తుందా? ఊరికే కూర్చున్నప్పుడు, నిద్రలో ఎప్పుడైనా వచ్చిందా? ఈ నెలలో ఎక్కువైందా? తర్వాత మందుల చీటీ చూశారు. అందులో బీపీ మాత్ర ఒక్కటే ఉంది, గుండె నొప్పికి ఇచ్చే మందు ఒక్కటీ మొదలుపెట్టనేలేదు. మొలల నుంచి రక్తం పోతోందన్న సంగతి కూడా ఆయన అడిగితేనే బయటపడింది. స్టెంట్ వేస్తే రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు నెలల తరబడి వాడాలట. మధ్యలో ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. ఆపకపోతే మొలల రక్తం ఇంకా ఎక్కువ కావచ్చు. సంతకం పెట్టమన్నచోట ఈ మాటే ఎవరూ అడగలేదు.

ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 60 శాతం, అంటే బాగానే ఉంది. ట్రెడ్‌మిల్ మీద ఏడు నిమిషాలు నడిచాక గానీ ఈసీజీలో తేడా రాలేదు. బ్లాక్ ఉన్నది కుడి నాళంలో. అదే ఎడమవైపు మొదట్లో ఉండే లెఫ్ట్ మెయిన్‌లో ఉంటే లెక్క వేరుగా ఉండేదన్నారు. శాతం మీద అనుమానం ఉన్న బ్లాక్‌లకు సన్నటి వైరు పంపి, బ్లాక్ దాటాక ప్రెషర్ ఎంత పడిపోయిందో కొలుస్తారు. దాన్ని ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. అది 0.80 లేదా అంతకన్నా తక్కువ ఉంటే గుండెకు రక్తం చాలడం లేదని అర్థం.

పని చేస్తేనే వచ్చి కూర్చుంటే పోయే, రోజురోజుకూ ఎక్కువ కాని నొప్పికి స్టెంట్ ప్రాణం కాపాడుతుందని నేనూ నమ్మేవాణ్ని. 2020లో వచ్చిన ఇస్కీమియా (ISCHEMIA) అనే పరిశోధనలో ఇలాంటి 5,179 మందిని చూశారు. ముందుగా స్టెంటో బైపాసో చేసినవాళ్లకూ, మందులతో మొదలుపెట్టినవాళ్లకూ చావుల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం నొప్పి బాగా తగ్గింది. లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్నవాళ్లను, పంపింగ్ బాగా తగ్గినవాళ్లను అందులో చేర్చుకోలేదు, అది మరిచిపోవద్దు.

అటాక్ వచ్చినప్పుడు ఈ తర్కమేదీ పనికిరాదు. మా చిన్నాయనకు తెల్లవారుజామున చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగితే, ఈసీజీ చూసి గంటలోపు స్టెంట్ వేశారు. అప్పుడు సీడీ పట్టుకుని తిరిగుంటే ఆయన ఈరోజు ఉండేవాడు కాదు.

నాయనకు మందులతోనే మూడు నెలల్లో నొప్పి బాగా తగ్గింది. మందులు వేసుకుంటున్నా నొప్పి వస్తే అప్పుడు స్టెంట్ వేద్దామన్నారు, ఇంతవరకు ఆ అవసరం రాలేదు.

మీ నాన్నగారికి నొప్పి ఏం చేస్తే వస్తోందో, ఏయే మందులు వాడుతున్నారో మీరు రాయలేదు. కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా, ఈమధ్య ఎక్కువవుతున్నా ఇక్కడ జవాబుల కోసం ఆగకండి, ఈరోజే తీసుకుపోండి. అలా కాకపోతే సీడీ అడిగి తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించండి. ఉత్త రిపోర్టు కాగితం చాలదు.