బాస్ చేపల ఫ్లైకి ఎంత లైను, ఎంత రాడ్డు?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాస్తున్న ఉత్తరం.

కొలరాడోలో ట్రౌట్ చేపల కోసం కొన్న అయిదో నంబరు ఫ్లై రాడ్డుతోనే ఇక్కడ టెక్సస్‌లో బాస్ చేపలకు వేయడం మొదలుపెట్టావనీ, ఈకలు, వెంట్రుకలతో కట్టే ఫ్లై అనే కృత్రిమ ఎరల్లో చిన్నవి చక్కగా పోతున్నా, నీటి మీద చప్పుడు చేస్తూ తేలే, జింక వెంట్రుకలతో కట్టిన పెద్ద పాపరు తగిలించేసరికి లైనంతా కుప్పగా నీ ముందే పడుతోందనీ, లోపం నీ చేతిలో ఉందా సామగ్రిలో ఉందా చెప్పమనీ అడిగావు. చేతిలో కొంత లోపం ఉండే ఉంటుంది, ఇన్నేళ్ల తరువాత నా చేతిలోనూ ఉంది. అయితే నీవు చెప్పిన లక్షణాలను బట్టి అసలు లోపం సామగ్రిదే. తొమ్మిది అడుగుల ఎనిమిదో నంబరు రాడ్డు, దానికి బాస్ ఫ్లైల కోసమే తయారు చేసే ఎనిమిదో నంబరు లైను తీసుకో. కారణం తెలియకుండా వెళితే దుకాణంలో ఎవరో ఒకరు నీ మనసు మార్చేస్తారు గనుక వివరంగానే వ్రాస్తున్నాను.

చిన్నప్పుడు మేము ఊరి చెరువులో తామరాకుల సందుల్లోకి వెదురు గెడతో కప్పపిల్లను జారవిడిచి కొరమీనును పట్టేవాళ్లం. అదే కొరమీను ఇప్పుడు తెలంగాణ రాష్ట్రపు చేప అయింది. ఆ పద్ధతిలో బరువంతా ఎరది, దారం దాని వెంట పోయేది. నీ స్నేహితులు వాడే స్పిన్నింగ్ రాడ్డులోనూ అంతే. ఫ్లై రాడ్డులో వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది: ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువు ఉండదు, లైనే బరువు, ఆ లైనే ఫ్లైని మోసుకుపోవాలి. బండి తోలేవాడి చర్నాకోలను గుర్తు చేసుకో. కొసన చిన్న ముడి ఉన్నంతవరకు తోలుపట్టీ చివరిదాకా విచ్చుకుని ఛెళ్ళుమంటుంది. ఆ కొసకే ఒక తలగుడ్డ కట్టి విసిరితే సగం దూరంలోనే చతికిలబడుతుంది. తలగుడ్డ మోయాలంటే పట్టీ లావెక్కాలి, పట్టీ లావెక్కితే దాన్ని ఆడించే కర్ర గట్టిపడాలి. అందువల్ల మొదట ఫ్లై, దాన్ని బట్టి లైను, లైనును బట్టి రాడ్డు, ఈ వరుసలోనే ఎంచుకోవాలి. మనలో చాలామంది చేతిలో ఉన్న రాడ్డుతో మొదలుపెట్టి వెనక్కి లెక్క వేస్తారు, నీవు చేసిందీ అదే.

నంబర్లు చేప పరిమాణాన్ని చెబుతాయని అనుకోకు. 1992లో లేక్ ఫోర్క్‌లో పడి టెక్సస్ రాష్ట్ర రికార్డుగా నిలిచిన బాస్ 18.18 పౌండ్లు తూగింది. అంతటి చేప తగిలినా ఎనిమిదో నంబరు రాడ్డు దాన్ని నిభాయించగలదు. నీకు రోజూ తగిలే రెండు మూడు పౌండ్ల చేపకైతే అయిదో నంబరే సరిపోతుంది. మనకు పెద్ద నంబరు కావలసింది చేపను లాగడానికి కాదు, ఫ్లైని పంపడానికి.

లైను నంబరంటే కొస నుంచి మొదటి 30 అడుగుల తూకం, రాడ్డు నంబరంటే దానికి తగిన లైను నంబరే. దాన్ని గ్రెయిన్లలో చెబుతారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ప్రమాణం ప్రకారం అయిదో నంబరు లైను 140 గ్రెయిన్లు, ఆరు 160, ఏడు 185, ఎనిమిది 210, తొమ్మిది 240, పది 280. నీ అయిదో నంబరు లైను సుమారు 9 గ్రాములయితే, ఎనిమిదో నంబరుది దాదాపు 13.6 గ్రాములు, అంటే సరిగ్గా ఒకటిన్నర రెట్లు. ఈ తేడాయే నీ పాపరును అవతలి ఒడ్డు దాపుకు చేరుస్తుంది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఈనాటి లైన్లలో చాలావాటిని తయారీదారులే ప్రమాణం కంటే అర నంబరో, ఒక నంబరో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో బరువుగా చేసి పాత నంబరే వేసి అమ్ముతున్నారు. బాస్ లైన్లలో ఇది మరీ సాధారణం. అందుచేత పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న నంబరును కాక, వెనుక చిన్న అక్షరాలతో ఉన్న గ్రెయిన్ల లెక్కను చదువు. ఆ లెక్క మొదటి 30 అడుగులకా, లావుగా ఉండే తలభాగం మొత్తానికా అన్నది కూడా చూడు, రెండింటినీ కలిపి చదివితే పొరబడతావు. "పెద్ద ఫ్లైలకు ఒక నంబరు పెద్ద లైను ఎక్కించు" అనే సలహా నీకు తప్పక ఎదురవుతుంది. లైన్లు ప్రమాణానికి సరిగ్గా తూగిన కాలంలో అది మంచి సలహాయే. ఇప్పటికే ఒక నంబరు బరువెక్కిన లైను మీద మరో నంబరు ఎక్కిస్తే రాడ్డు తడిసిన కొబ్బరిమట్టలా వంగి ఊరుకుంటుంది.

బరువు ఒక్కటే చాలదు, ఆ బరువు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. ట్రౌట్ లైను కొస పొడవుగా, క్రమంగా సన్నబడుతుంది, ఎందుకంటే చిన్న ఫ్లై నీటి మీద మెత్తగా వాలాలి. బాస్ లైనులో బరువంతా ముందుకు నెట్టి, కొసను పొట్టిగా, మొద్దుగా ఉంచుతారు, అందువల్ల చివరి క్షణం దాకా తోపు తగ్గదు. పాపరు చప్పుడుతో పడినా మనకు నష్టం లేదు, బాస్ ఆ చప్పుడుకే తిరిగి చూస్తుంది. ఉన్న డబ్బు పరిమితమైతే రాడ్డు దగ్గర తగ్గించుకుని లైను దగ్గర ఖర్చు పెట్టు. మధ్యరకం రాడ్డు మీద మంచి లైను హాయిగా పనిచేస్తుంది, ఖరీదైన రాడ్డు మీద తప్పు లైను ఎన్నటికీ పనిచేయదు.

ఇక నీ ఫ్లైల పెట్టె సంగతి. కొక్కెం నంబర్లలో అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, ఒకటి దాటాక 1/0, 2/0 అంటూ మళ్లీ పెరుగుతుంది. నీ పెట్టెలో 6, 4 నంబర్ల చిన్న పాపర్లే ఉండి, లానో నదిలో గ్వాడలూప్ బాస్ కోసం నడుము లోతు నీళ్లలో నడిచే ఉద్దేశమైతే ఆరో నంబరు చాలు. టెక్సస్ రాష్ట్ర చేపగా పేరున్న ఆ బాస్ పెద్దగా పెరగదు, దానితో ఆరో నంబరు రాడ్డే సరదాగా ఉంటుంది. నీవు పంపిన ఫొటోలో ఉన్నవి 1/0, 2/0 కొక్కేల మీద కట్టిన జింక వెంట్రుకల కప్పలు, కుందేలు చర్మపు పట్టీ తోకగా వేలాడే ఫ్లైలు. జింక వెంట్రుక లోపల గుల్లగా ఉంటుంది గనుక తేలుతుంది, కానీ గాలిని గొడుగులా అడ్డుకుంటుంది. కుందేలు పట్టీ దీనికి భిన్నం: పొడిగా ఉన్నప్పుడు దూదిపింజ, తడిశాక పిండని తువాలు. ఈ రెండింటికీ ఎనిమిదే కనీసం. అరచేయంత ఫ్లైలు ప్రతిసారీ వేయదలచినా, వసంతకాలంలో ఇక్కడ ఆగకుండా వీచే దక్షిణపు గాలికి ఎదురుగా వేయదలచినా తొమ్మిదికి వెళ్లవచ్చు. పదో నంబరు వద్దు, దానితో రోజంతా విసిరితే సాయంత్రానికి అన్నం కలపడానికి చేయి లేవదు.

రాడ్డు వంపు విషయంలో, కొస మాత్రమే వంగే మరీ బిరుసు రాడ్డు కొనవద్దు. పెద్ద ఫ్లై వెనక్కి వెళ్లి విచ్చుకోవడానికి సమయం పడుతుంది. ఆ నిదానానికి మధ్యభాగం దాకా వంగే మధ్యస్థమైన రాడ్డు కలిసివస్తుంది. రీలు గురించి తల బద్దలు కొట్టుకోకు. బాస్ వంద గజాలు పరుగెత్తే చేప కాదు, లైను పట్టి రాడ్డుకు సమతూకం ఇచ్చే రీలు ఏదైనా సరే.

లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే దారమైన లీడరు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ట్రౌట్ కోసం వాడే తొమ్మిది అడుగుల సన్నని లీడరు ఉంచితే, ఎనిమిదో నంబరు లైను కూడా చివర్లో చేతులెత్తేస్తుంది. ఆరు నుంచి ఏడున్నర అడుగులు, మొదలు బిరుసుగా, చివర 12 నుంచి 16 పౌండ్ల దారం ఉండాలి. అంత లావు దారం ఫ్లైని తిప్పి పడేస్తుంది, నాచులో చిక్కుకున్న చేపను బయటికి ఈడ్చడానికీ అదే ఆధారం.

విసిరే తీరు కొంత మార్చుకోవాలి. వెనుక విసురు పక్కవాటుగా, ముందు విసురు తల మీదుగా, మధ్యలో ఆగకుండా కోడిగుడ్డు ఆకారంలో చేయి తిప్పు. లైను ఎక్కడా వదులు కాదు, ఫ్లై నీ చెవి పక్క నుంచి కాక ఎత్తుగా దాటుతుంది. ఈ మాట అనుభవంతో అంటున్నాను. తడిసిన కుందేలు ఫ్లైని ఆరో నంబరు రాడ్డుతో బలవంతంగా తోయబోయి, కొక్కెం చెవితమ్మెలో దిగబడి, మీ అత్తయ్య కారు నడుపుతుండగా ఆసుపత్రికి వెళ్లిన వాణ్ణి నేను. అప్పటినుంచి కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కి అణచకుండా ఏ ఫ్లైనీ కట్టను. నీవూ అలాగే చేయి, టోపీ, కళ్లజోడు లేకుండా నీళ్ల దగ్గరికి వెళ్లవద్దు. దూరం కోసం తాపత్రయపడకు, బాస్ తుంగ అంచుల్లో ఉంటుంది, నలభై అడుగులు గురి తప్పకుండా వేస్తే చాలు. చేప అందుకున్నప్పుడు ట్రౌట్‌కు చేసినట్లు రాడ్డు పైకెత్తకుండా, రాడ్డు దించి ఉంచి ఎడమచేత్తో లైను గట్టిగా లాగు.

కొనేముందు దుకాణం వారిని అడిగి బయట గడ్డి మీద విసిరి చూడు. వారు కట్టే నూలుపోగుతో ఏ రాడ్డయినా అందంగానే పోతుంది, దాన్ని చూసి మురిసిపోకు. నీ పెట్టెలో అన్నింటికంటే వికారమైన ఫ్లైని తీసి, దాని కొక్కెం మొనను వంపు దాకా కత్తిరించి, నీళ్ల సీసాలో నానబెట్టి వెంట తీసుకుపో. అది నలభై అడుగుల దూరంలో లీడరు చాచుకుని పడితే ఆ రాడ్డు, లైను నీవి. ఫిబ్రవరి చివరికల్లా ఇక్కడి చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు చేరతాయి గనుక ఆలస్యం చేయకు. ఈలోగా శనివారం మా ఇంటికి వస్తే నా ఎనిమిదో నంబరు, తొమ్మిదో నంబరు రెండూ విసిరి చూడవచ్చు. వచ్చేటప్పుడు ఆ కుందేలు ఫ్లై మరచిపోవద్దు.

ఇట్లు,
మీ మామయ్య