ముందు అక్కడ ఎవరున్నారో అడుగు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కట్ట అందింది. జనాభా, వలస, భాష, మతం అని నాలుగు అధ్యాయాలు. విశాఖపట్నాన్ని ఉదాహరణగా తీసుకుని మానవ భూగోళశాస్త్రాన్ని తెలుగులో చెప్పాలని పూనుకున్నావు. తీరిక చూసుకుని రాద్దామనుకున్నాను కానీ నీ మొదటి వాక్యం నన్ను ఊరుకోనివ్వలేదు. "ఒకప్పుడు చిన్న మత్స్యకార గ్రామంగా ఉన్న విశాఖ నేడు మహానగరంగా ఎదిగింది."

అమ్మా, ఈ వాక్యం నీది కాదు. పర్యాటకుల కోసం అచ్చేసే ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. పైగా నిజం కాదు. పదిహేడో శతాబ్దం చివర్లోనే ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుంది. పక్కన భీమునిపట్నంలో డచ్చివాళ్లున్నారు. వాళ్లెవరూ చేపల కోసం రాలేదు, లోపలి ఊళ్లలో నేసిన బట్టల కోసం వచ్చారు. 1804లో ఈ రేవు ముందే ఇంగ్లిషు, ఫ్రెంచి యుద్ధనౌకలు తలపడ్డాయి. 1901 జనగణన నాటికి పట్టణంలో 40 వేల పైచిలుకు మనుషులున్నారు. 1933లో పెద్ద ఓడరేవు తెరిచే సరికి ఇది జిల్లా కేంద్రం, కచేరీలూ బజార్లూ ఉన్న ఊరు. జాలరిపేటలు ఉన్నాయి, నిజమే. కానీ ఊరంటే అవి మాత్రమే కాదు.

ఇంత చిన్న మాటకు ఇంత కోపమా అనుకుంటావు. ఆ వాక్యం చేసే పని చూడు. నగరం రాకముందు అక్కడ చెప్పుకోదగిన వాళ్లెవరూ లేరని ముందే తీర్పు చెప్పేస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఓడరేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం అన్నీ ఖాళీ ఇసుక మీద లేచినట్టు కనిపిస్తాయి. నలభై ఏళ్లుగా నేను ఒకే ఒక్క మాట మీద నిలబడి రాస్తున్నాను: ముందు అక్కడ ఎవరున్నారో అడగకుండా మనుషుల కదలిక గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు.

నీకు ఆ సంగతి తెలియదని అనను. పంతొమ్మిదో పేజీలో, కుండలీకరణాల మధ్య, సిగ్గుపడుతూ ఒక మాట రాశావు. "మా తాతగారి ఊరు ఇప్పుడు స్టీల్‌ ప్లాంటు గోడ లోపల ఉంది." అక్కడ ఆగిపోయాను. ఆ ఊరి పేరు కోసం తర్వాతి పేజీలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. అసలు పుస్తకాన్ని కుండలీకరణాల్లో దాచిపెట్టి, కరపత్రాన్ని మొదటి పేజీలో పెట్టావు.

వలస కారణాలను రెండు పట్టికలుగా వేశావు కదా, వికర్షక కారకాలు ఒక పక్క, ఆకర్షక కారకాలు ఇంకో పక్క. కరవు నెడుతుంది, కర్మాగారం లాగుతుంది. మీ తాతగారిని ఏ పక్క రాస్తావు? ఆయన ఎక్కడికీ బయలుదేరలేదు. కర్మాగారమే ఆయన ఊరికి వచ్చింది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా లేచింది, కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. అరవైకి పైగా గ్రామాలు నేల వదులుకున్నాయి. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీలు వెలిశాయి. చేతికి నిర్వాసితులకిచ్చే ఆర్‌ కార్డు, ఆ కార్డు మీద ఉద్యోగం వస్తుందన్న ఆశ. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992లో. శంకుస్థాపన ఏట పుట్టిన ఆడపిల్లకు అప్పటికి పెళ్లీడు వచ్చేసింది.

ఇంకో సంగతి గమనించు. 2001, 2011 జనగణనల్లో వలసకు కారణం అడిగినప్పుడు ఇచ్చిన జవాబులు: పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టిన వెంటనే వేరే చోటికి రావడం, కుటుంబంతో పాటు రావడం, ఇతరాలు. భూమి తీసుకున్నందువల్ల కదిలాం అని చెప్పడానికి గడి లేదు. ప్రాజెక్టుల కింద ఊళ్లు పోగొట్టుకున్న దేశంలో ఆ మనుషులంతా "ఇతరాలు" అన్న గడిలోకి పోతారు, లేకపోతే కుటుంబంతో వచ్చినవాళ్లలో కలిసిపోతారు. వలస అధ్యాయం ఇక్కడ మొదలుపెట్టు. పట్టికలు తర్వాత చూసుకోవచ్చు.

జనాభా అధ్యాయంలో 2001లో నగర జనాభా పది లక్షలకు కాస్త తక్కువ, 2011లో 17.28 లక్షలు అని వేసి, ఈ పెరుగుదల అంతా వలసల పుణ్యమేనన్నావు. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు గాజువాక మునిసిపాలిటీనీ 32 గ్రామాలనూ నగరంలో కలిపేశారు. నువ్వుండేది గాజువాకలోనేనని నీ ఉత్తరమే చెబుతోంది. మీ ఇంటిల్లిపాదీ గడప దాటకుండానే నగరవాసులయ్యారు. ఊరి జనాభా పుట్టుకల వల్ల పెరుగుతుంది, వచ్చేవాళ్ల వల్ల పెరుగుతుంది, హద్దు జరిగినా పెరుగుతుంది. మూడోదాన్ని మరిచిన పట్టిక పట్టికే కాదు. జనసాంద్రత లెక్క కూడా అంతే. కొండలు, నౌకాదళం నేలలు, రేవు, ప్లాంటు అన్నీ కలుపుకుని చదరపు కిలోమీటరుకు ఇంతమంది అంటే కంచరపాలెం సందుల్లో మనుషులు ఎంత ఇరుకుగా ఉంటారో అందులో ఎక్కడ కనిపిస్తుంది?

భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టైన్‌ 1885లో చెప్పిన వలస సూత్రాలను శ్రద్ధగా వరుసపెట్టావు. ఎక్కువమంది దగ్గరి చోట్లకే పోతారని, ప్రతి ప్రవాహానికీ ఎదురు ప్రవాహం ఉంటుందని అన్నీ రాశావు. తక్కువ దూరాలకు మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ కదులుతారని కూడా ఆయన అన్నాడు. అది వదిలేశావు. మన జనగణనలో వలస వచ్చిన స్త్రీలు అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన కారణం పెళ్లి. అనకాపల్లి నుంచో చోడవరం నుంచో కోడలిగా వచ్చి, ఇక్కడే బతుకంతా గడిపిన మనిషిని వలస వచ్చినదానిగా ఎవరూ అనుకోరు. నీ అధ్యాయంలోనూ అనుకోలేదు. బ్యాగు తగిలించుకుని రైలు దిగే కుర్రవాడే నీకు వలస మనిషి.

జాలరిపేట ఆడవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌ నుంచి వచ్చే ఫోను కోసం కాచుకునే పేరా మాత్రం చాలా బాగుంది. దాన్ని ముట్టుకోకు. కానీ నువ్వే రాసిన ఆ పేరా నీ మొదటి వాక్యాన్ని ఎలా కూల్చేస్తోందో గమనించలేదు. నగరానికి కదలని మూలంగా చూపించిన మత్స్యకారులే గుజరాత్‌ దాకా వేటకు పోతున్నారు. 2018 నవంబరులో అలా పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్థాన్‌ పట్టుకుంది. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేకపోయారు. ఇక్కడి సముద్రం ఉండగా అంత దూరం ఎందుకు పోతున్నారన్న ప్రశ్న నీ అధ్యాయంలో లేదు. అడుగు. పేటలోకి పోయి కూర్చుంటే వాళ్లే చెబుతారు.

నేను రాయడం నేర్చుకున్నది విశాఖలోని బర్మా క్యాంపులో. రంగూన్‌ నుంచి తిరిగి వచ్చినవాళ్ల గురించి రాద్దామని ఒక ఇంటికి పోయాను. వీధి గదిలో గోడకు కొట్టిన చెక్క అర. దాని మీద సింహాచలం అప్పన్న పటం, పక్కనే అరచేతిలో పట్టేంత తెల్లరాతి బుద్ధుడు. రెండింటికీ ఒకే దీపం, ఒకే పూల దండ తెంపి సగం సగం పెట్టారు. ఆ ఇంటి ముసలావిడ రంగూన్‌లోనే పుట్టింది. బర్మా గురించి నేను అడిగినదానికంటే, తండ్రి రేవులో మోసిన బస్తాల గురించే ఎక్కువ చెప్పింది. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. 1931 నాటికి రంగూన్‌ జనాభాలో సగానికి పైగా భారతీయులు. రేవు కూలీల్లో తెలుగువాళ్లదే పెద్ద వాటా. 1930లో వాళ్లు సమ్మె చేస్తే బదులుగా బర్మావాళ్లను పెట్టుకున్నారు, సమ్మె ముగిసి పాతవాళ్లు పనిలోకి వచ్చేటప్పుడు ఊరు రక్తపాతమైంది. జపాన్‌ దాడి వచ్చాక ఎందరో కాలినడకన పారిపోయారు. మిగిలినవాళ్లను 1962 సైనిక ప్రభుత్వం, 1964లో దుకాణాల జాతీయీకరణ తరిమాయి. తెలుగు కూలీ రంగూన్‌ పోయినప్పుడు అక్కడ ముందు ఎవరున్నారన్న ప్రశ్న కూడా నా వ్యాసంలో ఉంది. మనవాళ్లు పోయినచోట కూడా ఆ ప్రశ్న అడగాలి.

ఆ వ్యాసాన్ని ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు సమ్మె కొట్టేశాడు, జనాభా లెక్క కొట్టేశాడు, జాతీయీకరణ కొట్టేశాడు. ముసలావిడ కళ్లు తుడుచుకున్నట్టు రెండు వాక్యాలు తానే చేర్చి అచ్చేశాడు. ఆవిడ ఏడవలేదు. నా ముందు కూర్చున్నంతసేపూ తండ్రికి రావలసిన కూలి లెక్క చెప్పింది. ఇంకో సంపాదకుడు, ఇది భూగోళమండీ, సాహిత్యం పంపండి అని తిప్పి పంపాడు. ఇప్పుడు ఫ్యాషన్‌ మారింది. మూలాలు, వేర్లు, అస్తిత్వ వేదన అని మాటలు పెరిగాయి, మనిషి ఏ ఏట, ఏ ఊరి నుంచి, ఎవరి మాట మీద బయలుదేరాడో మాత్రం ఎవరికీ అక్కరలేదు. నీ దగ్గర కూడా ఎవరో ఒకరు కన్నీళ్లు అడుగుతారు. ఇవ్వకు. సంవత్సరం ఇవ్వు, ఊరి పేరు ఇవ్వు, కూలి ఎంతో చెప్పు.

భాష అధ్యాయం మీద ఎక్కువ చెప్పను, అది తిరిగి రాయాల్సిందే. అరకు లోయను ఒక్క వాక్యంలో "గిరిజన భాషలు" అని దాటేశావు. అక్కడ కువి ఉంది, కొండ భాష ఉంది, గదబ ఉంది, వేర్వేరు తెగలు సంతలో మాట్లాడుకునే ఆదివాసీ ఒడియా ఉంది. జనగణన మాతృభాషతో పాటు తెలిసిన మరి రెండు భాషలు అడుగుతుంది. ఒక ఇంటి ముందు నా కళ్లెదుటే, ఏ భాషా అడగకుండా మాతృభాష తెలుగు అని నింపేయడం చూశాను. పదివేలమంది కంటే తక్కువ మాట్లాడే భాషలను జనగణన విడిగా అచ్చువేయదు. నువ్వు పట్టికలోంచి భాషలు ఎత్తి రాశావు కాబట్టి పట్టిక వదిలేసినవన్నీ నీ చేతిలోంచి కూడా జారిపోయాయి.

మతం అధ్యాయానికి మూడు కొండల ఫొటో పెట్టి, గుడి, దర్గా, చర్చి పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఇది సామరస్య నగరం అన్నావు. ఫొటో బాగుంది. ఎవరు, ఎప్పుడు, ఏ పని మీద వచ్చి ఒక్కోదాన్ని కట్టారో మాత్రం రాయలేదు. సీతమ్మధారలో గురుద్వారా జంక్షన్‌ మీదుగా రోజూ బస్సెక్కుతావు, దాని ఊసే లేదు. రేవు, రైల్వే, నౌకాదళం ఈ ఊరికి మనుషులను తెచ్చాయి, మనుషులు దేవుళ్లను తెచ్చుకున్నారు. తొట్లకొండ సంగతి కూడా రాయి. నౌకాదళం స్థావరం కోసం నేల వెతుకుతూ ఉంటే ఆ కొండ మీద బౌద్ధ విహారం బయటపడింది, 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. ఖాళీ కొండ అనుకున్నచోట రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు వానాకాలాలు గడిపారు. నా పట్టుదలకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ప్రచురణకర్తల గురించీ, కలం పేరు గురించీ అడిగావు. పుస్తకం తయారయ్యాక చూద్దాం.

ఇప్పుడు చేయవలసింది ఒకటే. ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకి పోయి 1961, 1971 నాటి విశాఖపట్నం జిల్లా జనగణన పుస్తకాలు అడుగు. అందులో గ్రామాల వారీగా పట్టికలుంటాయి. మీ తాతగారి ఊరి వరుస పట్టుకో: ఇళ్లెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, చదువుకున్నవాళ్లెందరు, ఏ పని చేసేవాళ్లెందరు. తర్వాతి పుస్తకాల్లో ఆ వరుస ఏమైందో చూడు. చుట్టుపక్కల ఊళ్లకు కూడా అలాగే తీయి. ఆ తర్వాత ఆర్‌ కార్డు ఉన్న ఇళ్లకు పోయి, ఆ లెక్కలోని మనుషులు ఎవరెవరో, ఎటు పోయారో పేరుపేరునా అడిగి రాసుకో. అది ఒక్క అధ్యాయం అవుతుంది. మిగతా మూడూ పక్కన పెట్టి దాన్నే నాకు పంపు. ఫోటోకాపీలు కూడా జతచెయ్యి, నేను అంకెలు సరిచూస్తాను.

శుభాభినందనలతో,
మీ శ్రేయోభిలాషి