పర్యావరణ సర్వే పని ఉద్యోగమేనా? గుణుపురం తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా అమ్మాయి బీఎస్సీ బోటనీ చివరి సంవత్సరంలో ఉంది. గనులు, ఆనకట్టలు వచ్చే చోట ముందుగా చెట్లు, జంతువులు, గుళ్లు, పాత కట్టడాల వివరాలు రాసే కన్సల్టెన్సీలో చేరతానంటోంది. బీఎడ్ చేయించి టీచరును చేద్దామని మా ఆలోచన. ఇందులో నిలకడ ఉంటుందా? ఆడపిల్లను కొండల్లోకి పంపవచ్చా?

జవాబు: అమ్మా, ఇది నిజమైన ఉద్యోగమే. చట్టం వల్ల పుట్టిన ఉద్యోగం కాబట్టి గిరాకీ కూడా ఉంది. 2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, పెద్ద ఆనకట్టల వంటివి పని మొదలుపెట్టకముందే పర్యావరణ అనుమతి తెచ్చుకోవాలి. అందుకు, ఆ ప్రాజెక్టు వల్ల పరిసరాలకు ఏమవుతుందో చెప్పే ప్రభావ మదింపు నివేదిక కావాలి. దాన్ని నాబెట్ అనే జాతీయ గుర్తింపు మండలి గుర్తించిన సంస్థే తయారుచేయాలి. గుర్తింపు కావాలంటే ఆ సంస్థ 12 రంగాల్లో తనకు అవసరమైన వాటికి నిపుణులను చూపించాలి. వాటిలో జీవావరణం, జీవవైవిధ్యం ఒక రంగం. మీ అమ్మాయికి చోటు అక్కడే.

అయితే బీఎస్సీతోనే చేరితే ఎన్నేళ్లయినా సామాను మోసే సహాయకురాలిగానే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకని ముందు ఎంఎస్సీ చేయనివ్వండి. కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యం, సహజ వనరుల సంరక్షణ మీద విభాగం ఉంది. మీకు దగ్గర, చుట్టూ కొండలే. అక్కడ చేరాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. బరంపురం, విశాఖ విశ్వవిద్యాలయాల్లో బోటనీ కూడా మంచిదే. ఎక్కడ చేరినా ఫీల్డ్ పని ఉండే ప్రాజెక్టునే తీసుకోమనండి, క్యూజీఐఎస్ అనే ఉచిత కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మీద మ్యాపులు గీయడం నేర్చుకోమనండి. మొదట్లో జీతం తక్కువగా ఉంటుంది, చాలాచోట్ల కాంట్రాక్టు మీదే తీసుకుంటారు. దీనికి మీరు సిద్ధంగా ఉండాలి.

పని ఎలా ఉంటుందో చెబుతాను. ప్రాజెక్టు చుట్టూ సాధారణంగా పది కిలోమీటర్ల మేర చూస్తారు. పది మీటర్ల చదరానికి తాడు కట్టి, అందులోని ప్రతి చెట్టు పేరు, ఛాతీ ఎత్తున దాని చుట్టుకొలత రాసుకుంటారు. పొదలకు, గడ్డికి అంతకన్నా చిన్న చదరాలు. తెల్లవారుజామున పక్షుల లెక్క, దారుల్లో అడుగుజాడలు, పెంటికలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులోని జంతువు ఏది కనబడినా దాని సంరక్షణకు ప్రణాళిక రాయాలి. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక సీజన్ వివరాలు చాలంటారు. నా మనసుకు ఇదే పెద్ద లోటు. తూర్పు కనుమల్లో కప్పలు, నేల మీద పెరిగే ఆర్కిడ్లు, అడవి దుంపల తీగలు బయటపడేది వానల్లోనే. వేసవిలో వెళ్లిన బృందం కంటికి ఆ కొండ బోడిగానే కనబడుతుంది.

మీరు గుళ్ల సంగతి కూడా రాశారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన మరో రెండు వందల మీటర్లు నియంత్రణలో ఉంటాయి. ఇది తేలిక, కొలిస్తే తెలిసిపోతుంది. జాబితాలో లేనివాటితోనే చిక్కు. నేను చెప్పిన 12 రంగాల్లో సంస్కృతి, వారసత్వం అనే రంగమే లేదు. దాన్ని సామాజిక, ఆర్థిక విభాగంలో నాలుగు వాక్యాల్లో ముగించేస్తారు. మీ ఊరికి పైన సవర పల్లెల్లో చనిపోయినవారి పేరిట గువార్ అనే కర్మ జరిపి రాళ్లు నిలబెడతారు కదా. ఒక్కో రాయి ఒక్కో మనిషి. తెలియని సర్వేయరు అక్కడ బంజరు, రాళ్ల నేల అని రాసుకుని వెళ్లిపోతాడు. కల్లు గీసే జీలుగు చెట్టునూ అంతే, చదరంలో ఒక అంకెగా లెక్కిస్తాడు. ఆ చెట్టు ఏ కుటుంబానిదో, దాని కల్లు ఏ పండుగకు కావాలో అడగడు. మీ అమ్మాయి అడగగలదు. తెలుగు, ఒడియా వచ్చి, సవర మాటలు కొన్నయినా తెలిసిన బోటనీ విద్యార్థిని హైదరాబాదు, భువనేశ్వర్ సంస్థలకు అంత తేలిగ్గా దొరకదు. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. అక్కడా ఆమె పని ఉంటుంది.

ఈ వివరాల విలువ మీ జిల్లాకే బాగా తెలుసు. నియమగిరిలో బాక్సైట్ తవ్వకంపై సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న గ్రామసభలనే అడగమంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగితే పన్నెండూ వద్దన్నాయి. కొండ మీద తమ దేవుడు నియమరాజు ఉన్నాడన్న డోంగ్రియా కోందు గిరిజనుల నమ్మకం అక్కడ చట్టం ముందు నిలిచింది.

ఒక మాట మీ అమ్మాయికి సూటిగా చెప్పండి. నివేదికకు డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు యజమానే. ఏనుగుల దారిని జాబితాలోంచి తీసేయమని, పాత నివేదికలోంచి ఎత్తి రాయమని ఒత్తిడి రావచ్చు. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని నివేదికలోని భాగాలు దొర్లాయి. అంటే సంతకం పెట్టినవాళ్లు ఆ కొండ చూడలేదన్నమాట. తెలిసి తప్పుడు వివరాలిస్తే అనుమతి రద్దు చేయవచ్చని నోటిఫికేషనే చెబుతోంది. తాను చూడని చెట్టును రాయనని, చూసిన జంతువును చెరిపేయనని చెప్పే ధైర్యం లేకపోతే ఈ రంగంలోకి రావద్దు. ఇందులో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను.

భద్రత గురించి మీ భయం న్యాయమైనదే. చేరేముందు సంస్థను నాలుగు విషయాలు అడగండి: బృందంలో మరో మహిళ ఉంటుందా, స్థానిక తోడు ఉంటారా, చీకటి పడకముందే బసకు చేర్చే వాహనం ఉందా, ప్రమాద బీమా ఉందా. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి దోమతెర తప్పనిసరి. వీటికి సరైన జవాబు రాకపోతే ఆ సంస్థ వద్దు.

బీఎడ్‌ను ఎంఎస్సీ తర్వాత కూడా చేయవచ్చు, కాబట్టి మీ ఆలోచనను వదులుకోనక్కర్లేదు. ఈలోగా మీ అమ్మాయిని ఒక పని చేయమనండి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టుల నివేదికలు దొరుకుతాయి. రాయగడ జిల్లాదే ఒకటి తీసుకుని, అందులోని మొక్కల జాబితాను తనకు తెలిసిన కొండతో పోల్చి చూడమనండి. ఏమేం వదిలేశారో ఒక పుస్తకంలో రాయమనండి. రేపు ఇంటర్వ్యూలో మార్కుల పత్రంతో పాటు ఆ పుస్తకాన్నీ బల్ల మీద పెట్టవచ్చు.