సమాధానం: సముద్రస్నానం తర్వాత డైవింగ్ వాచీ అద్దం లోపల ఆవిరి

300 మీటర్ల లోతు నీటి ఒత్తిడిని తట్టుకునే వాచీయే అయినా కళింగపట్నంలో మునిగొచ్చాక అద్దం లోపల చెమ్మ పట్టిందన్నారు కదండీ. బియ్యం డబ్బాలో పెట్టి ఊరుకోకండి. లోపలికెళ్లింది ఉప్పునీరైతే తుప్పు తొందరగా పడుతుంది, ఈ వారమే విప్పించండి.

ఎక్కువసార్లు తప్పు క్రౌన్ (టైము సరిచేయడానికి పక్కన తిప్పే మర బొత్తాం) దగ్గరే. మర సగమే ఎక్కితే లోపలి రబ్బరు రింగు సరిగ్గా నొక్కుకోదు. మర పళ్లు అరిగాయేమో వాచీ బాగుచేసేవాణ్ని భూతద్దంతో చూడమనండి. మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) శుభ్రం చేయించి, క్రౌన్‌కీ వెనక మూతకీ కొత్త రింగులు వేయించి, పల్చగా సిలికోన్ గ్రీజు రాయించండి. రింగు కింద ఒక్క వెంట్రుక చిక్కుకున్నా నీటికి దారే.

ప్రెషర్ పరీక్ష (నీరు చొరబడే సందులున్నాయేమో ఒత్తిడితో చూడటం) గాలితో చేయించండి, నీళ్లలో ముంచనివ్వకండి. తర్వాత వాచీని 40-45 డిగ్రీలకు వెచ్చజేసి, అద్దం మీద చల్లని నీటిబొట్టు ఒక్క నిమిషం ఉంచి తుడవాలి. లోపల మంచు కమ్మితే తేమ ఇంకా ఉన్నట్టే.