పాత పొలం ఇంటి మరమ్మతుకు దాచుకున్న డబ్బు తీయాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: మా వారికి 43 ఏళ్లు, నాకు 39. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. రెండేళ్ల కిందట పల్లెలో ఒక పాత పొలం ఇంటిని, దాని చుట్టూ ఉన్న 4 ఎకరాలను అప్పు లేకుండా మా వారి పేరు మీద కొన్నాం. పదవీ విరమణ కోసం జీతాల్లో కోత పోగా చేతికొచ్చే ఏడాది ఆదాయం 100 అనుకుంటే, అందులో 45 నాది. ఇంటి ఖర్చులు 70 పోను 30 మిగులుతుంది. మరమ్మతులకు 60 పక్కన పెట్టాం. నేల, వంటగది, గోడల పూతలకే 42 అయిపోయింది. కాంట్రాక్టర్ ఇంకో 55 కావాలంటున్నారు: కప్పుకు 14, చెమ్మ నివారణకూ కాలువలకూ 5, వైరింగుకు 6, మరుగుదొడ్డికీ సెప్టిక్ ట్యాంకుకూ 6, పై గదులకు 10, వరండాకు 6, అతిథి గదికి 8. పదవీ విరమణ నిధిలో 140 ఉంది. అందులో 40 తీయాలా, లేక మొత్తం 55 అప్పు తీసుకోవాలా? వానలకు ఇంకా ఆరు నెలలుంది. వచ్చే ఏడాది ఉద్యోగం మానేసి, అక్కడే ఉండి పండ్ల తోట వేయాలని నా కోరిక. మా వారు ఆగుదామంటున్నారు.

జవాబు: రెండూ వద్దు. ఆ 55లో వానల లోపు తప్పనిసరిగా ఖర్చు పెట్టవలసింది 19 మాత్రమే. దానికి మీ జీతాల్లో మిగిలేదీ, చేతిలో ఉన్న నిధిలోంచి కొంచెమూ సరిపోతాయి.

ముందుగా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం చెప్పాలి. మరమ్మతు నిధిలో మిగిలిన 18 తప్ప మీకు వేరే అత్యవసర నిధి ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. ఏడాదికి 70 ఖర్చయ్యే కుటుంబానికి ఆరు నెలల ఖర్చంటే 35. మీ దగ్గర ఉన్నది అందులో సగం. దాన్నీ కాంట్రాక్టర్ చేతిలో పెడితే, ఒక ఆసుపత్రి బిల్లు వచ్చినా, ఒకరి ఉద్యోగం పోయినా అప్పు తప్ప మీకు మరో దారి ఉండదు. ఇల్లు కొన్న ఉత్సాహంలో చాలామంది దంపతులు ఇలాగే తమకు తెలియకుండానే ఒక్క నిధికి రెండు బాధ్యతలు అప్పగిస్తారు.

ఇక ఇంటి సంగతి. మీరు పంపిన ఫొటోలో కొత్తగా పూసిన తూర్పు గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు రంగు పొక్కులు లేచి ఉంది. అంచున తెల్లటి ఉప్పు పేరుకుంది. ఆ గోడ మట్టితో, సున్నంతో కట్టినదని మీరే రాశారు. జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే ఇంగ్లండు మేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ పొందింది 1824లో. పల్లెల్లో మట్టి, సున్నం వాడకం ఆ తరువాత కూడా చాలా కాలం సాగింది. అలాంటి గోడ నేలలోని చెమ్మను కొంత పీల్చుకుంటుంది, తిరిగి గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ లోపలే ఉండి పూతను బయటికి నెడుతుంది. అంటే మీరు పెట్టిన 42లో కొంత భాగం మళ్లీ పెట్టక తప్పదు. ఇది చెప్పడానికి నాకూ బాధగా ఉంది, కానీ ఇప్పుడే తెలియడం మంచిది. మిగిలిన గోడలకు సిమెంటు పూత వెంటనే ఆపించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ చేత ఒకసారి చూపించండి. అందుకు అయ్యే రుసుము మీరు ఈ ఇంటి మీద పెట్టే ఖర్చులన్నింటిలో అతి చవకైనది అవుతుంది.

కప్పు, కాలువలు ముందు ఎందుకో ఒక చిన్న లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 120 చదరపు మీటర్ల కప్పు మీద ఒకే రోజు 50 మిల్లీమీటర్లు పడితే 6,000 లీటర్లు. కాలువ లేకపోతే ఆ నీళ్లన్నీ చూరు నుంచి గోడ మొదట్లోనే పడి పునాదిలోకి దిగుతాయి. దూలాలు పుచ్చేదీ, చెదలు చేరేదీ ఆ తడితోనే. ఈ పని జరగకుండా లోపల ఏం చేసినా ఆ డబ్బు నిలవదు. మీరు నేలతో, వంటగదితో మొదలుపెట్టారు. కంటికి కనిపించే పని ముందు చేయించుకోవాలనిపించడం సహజమే, దానికి మిమ్మల్ని తప్పు పట్టను.

డబ్బు ఇలా సర్దండి. నెలకు మీకు రెండున్నర మిగులుతుంది కాబట్టి ఆరు నెలల్లో 15 చేరుతుంది. దానికి ఆ 18లోంచి 4 కలిపితే కప్పు, కాలువలు పూర్తవుతాయి. చేతిలో 14 ఉంటుంది. ఆ తరువాతి ఏడాది మిగిలే 30లో వైరింగుకు, మరుగుదొడ్డికి 12 పోగా 18 నిలుస్తుంది. మొత్తం 32. అయితే పాత ఇంట్లో ఏ పలక ఎత్తినా కింద ఏదో ఒకటి బయటపడుతుంది. కనుక ఈ నాలుగు పనులకు అయ్యే 31 మీద 15 శాతమైనా అదనంగా వేసుకోవాలి. అది దాదాపు 5. ఆ అదనం ఖర్చయిపోయినా, 22 నెలలు తిరిగేసరికి ఇల్లు పొడిగా, భద్రంగా ఉంటుంది. అత్యవసర నిధి 35కు చేరుతుంది. పై గదులు, వరండా, అతిథి గది ఆ తరువాతే. ధరలు కొంత పెరిగినా అన్నీ కలిపి సుమారు మూడేళ్ల పని.

కాంట్రాక్టరుతో ఒప్పందం మార్చుకోండి. ఏ పనికి ఆ పని విడిగా అంచనా, పూర్తయిన మేరకే చెల్లింపు ఉండాలి. కప్పు డబ్బులో పదో వంతు మొదటి పెద్ద వాన గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. దీనికి ఒప్పుకోని కాంట్రాక్టర్ మీకు వద్దు.

పదవీ విరమణ నిధి గురించి నేను గట్టిగానే చెబుతున్నాను. అందులోంచి 40 తీయకుండా ఉంచి, అది ఏడాదికి 7 శాతం పెరిగితే మీ వారికి 60 ఏళ్లు వచ్చేసరికి సుమారు 126 అవుతుంది. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయని తీసేసినా, నేటి విలువలో అది 55. అంటే మీ నేటి ఇంటి ఖర్చుల్లో తొమ్మిది నెలలకు పైగా. ముందే తీసినందుకు పన్నో, జరిమానానో పడితే నష్టం ఇంకా పెరుగుతుంది. ఆ వయసులో మీకు అప్పు పుట్టడం కష్టం. వరండా మాత్రం ఎన్నాళ్లయినా ఆగుతుంది.

అప్పు సంగతి వేరు. 9 శాతం వడ్డీకి 55 తీసుకుని పదేళ్లలో తీరిస్తే ఏడాదికి 8.4 చొప్పున మొత్తం 84 కడతారు. ఇరవై ఏళ్లకు పొడిగిస్తే వాయిదా 5.9కి తగ్గుతుంది, మొత్తం మాత్రం 119కి చేరుతుంది. ఇద్దరు జీతగాళ్లున్న ఇంటికి ఇది మోయలేని భారం కాదు. కానీ మీరు ఉద్యోగం మానేస్తే ఆదాయం 55, ఖర్చు 70. అప్పేమీ లేకుండానే ఏటా 15 లోటు. పదేళ్ల వాయిదాతో అది 23 దాటుతుంది. ఆ లోటును తోట పూడుస్తుందని మీ ఆశ. మంచి అంటు మొక్కలు నాటినా చెప్పుకోదగ్గ కాపు రావడానికి సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఈలోగా నీళ్లు, ఎరువు, కంచె, కూలి అన్నీ చేతి నుంచే పెట్టాలి.

అందుకే ఈ ఒక్క విషయంలో నేను మీ వారి మాట వైపే ఉన్నాను. అయితే మీ కోరికను పక్కన పెట్టమనడం లేదు. ఈ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ కోరికే. ఉద్యోగంలో ఉంటూనే మొదలుపెట్టండి. మట్టి, నీళ్లు పరీక్ష చేయించకుండా ఒక్క మొక్క కూడా కొనకండి. మూడున్నర ఎకరాలు ఏడాది ఏడాదికి రాతపూర్వకంగా కౌలుకివ్వండి. ఆ డబ్బుతో మిగిలిన అరెకరంలో మీరే తోట వేయండి. ఇంటికీ పొలానికీ ఖాతా పుస్తకాలు వేరుగా పెట్టండి. రెండూ కలిస్తే పొలం మీద పోయినది ఇంటి ఖర్చులో దాక్కుంటుంది. అరెకరం ఎంత పని అడుగుతుందో, ఎంత ఇస్తుందో రెండేళ్లు రాసుకుంటే నాలుగెకరాల లెక్క మీరే వేయగలరు. అప్పటికి ఇంటి పనీ ఒక కొలిక్కి వస్తుంది.

మరో రెండు పనులు ఈ నెలలోనే చేయండి. ఇంటి బీమా పత్రం తీసి చదవండి. నిర్ణీత రోజులకు మించి ఖాళీగా ఉన్న ఇంటికీ, మరమ్మతులు నడుస్తున్న ఇంటికీ చాలా పాలసీల్లో రక్షణ తగ్గిపోతుంది. బీమా సంస్థకు ముందే తెలియజేసి జవాబు రాతలో తీసుకోండి. రెండోది, ఆస్తి మీ వారి ఒక్కరి పేరు మీదే ఉంది. ఇద్దరి సంపాదనతో కొన్నది, పైగా మీరు అక్కడే ఉండి జీతం వదులుకోవాలనుకుంటున్నది. లాయరును కలిసి మీ పేరు కూడా చేర్పించండి. ఇద్దరూ వీలునామాలు రాయండి. మీ వారిని అనుమానించి చెబుతున్న మాట కాదు ఇది. ఆయన కూడా ఈ జవాబు చదువుతారనే ఇక్కడ రాస్తున్నాను.

కప్పు పని అయ్యాక, సెలవు పెట్టి వానలు పడే నెల మొత్తం ఆ ఇంట్లో ఉండి చూడండి. ఎండగా ఉన్న సెలవు రోజుల్లో వెళ్లి వచ్చింది లెక్కలోకి రాదు. మొదటి రోజు తూర్పు గోడ మీద చెమ్మ ఎక్కడిదాకా ఉందో పెన్సిలుతో గీసి తేదీ వేయండి. నెలాఖరుకు మళ్లీ గీయండి. ఆ రెండు గీతల మధ్య దూరం ఎంతో, ఆ నెల మీకు ఎలా గడిచిందో నాకు రాయండి. ఉద్యోగం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.