టమోటా రేటు పడిపోయినప్పుడు పారబోసే బదులు ఒరుగులు పెడితే గిట్టుతుందా?

మీ ప్రశ్న: పలమనేరు దగ్గర ఎకరా తోట, మండీలో బాక్సు రేటు కోత కూలికి కూడా చాలడం లేదు, రోడ్డు పక్కన పోసేదానికంటే ఎండబెట్టి అమ్మితే ఎట్లా ఉంటుంది అని.

గిట్టుతుంది, కానీ అన్ని కాయలకూ కాదు. టమోటాలో 94 శాతం నీళ్లే. 100 కిలోలు ఎండబెడితే చేతికొచ్చేది ఐదారు కిలోలు. రేటు పడిపోయిన రోజుల్లో కాయ ఖరీదు లెక్కలోకే రాదు, తరిగే కూలీ, ఆరబెట్టే చోటే అసలు ఖర్చు. మండీ నుంచి తిరిగొచ్చిన మెత్తకాయతో ఒరుగులు పెడదామనుకుంటే మాత్రం వద్దు. పులిసిన కాయ ఎండినా పులిసిన వాసనే కొడుతుంది. గట్టిగా, నిండా ఎర్రబారిన కాయే కావాలి. కండ ఎక్కువుండే హైబ్రిడ్ కాయ ఒరుగులకు, రసం ఎక్కువుండే నాటు కాయ గుజ్జుకు పెట్టుకోండి.

అంతకంటే ముందు చూసుకోవాల్సింది కోత. చెన్నై లోడుకు పోయే కాయ అడుగున కొంచెం రంగు తిరగ్గానే, అంటే దోరగా ఉన్నప్పుడే కోయాలి. మంచు ఆరాకే మొదలుపెట్టండి, తడి కాయ బాక్సులో కుళ్లుతుంది. తొడిమ తీసేయాలి, లేకపోతే పక్క కాయను పొడుస్తుంది. బాక్సు అంచు దాటి గుట్టగా నింపితే పై బాక్సు బరువంతా కాయ మీదే. ఇది అందరికీ తెలుసు, అయినా అందరూ నింపుతారు. కోసిన బాక్సులు ఎండలో పెట్టొద్దు. వేడి 30 డిగ్రీలు దాటితే ఎర్ర రంగు సరిగా పట్టదు, కాయ పసుపు కలిసిన నారింజ రంగులోనే ఆగిపోతుంది. రెండు మూడు రోజులు ఆపి అమ్ముదామనుకుంటే దోరకాయకు 12 నుంచి 15 డిగ్రీల చలి చాలు. బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీలో పెడితే 10 డిగ్రీల కంటే తగ్గిపోయి గుంటలు పడుతుంది, బయటికి తీశాక పండదు.

ఇక ఒరుగులు. కాయలు కడిగి, 10 లీటర్ల నీళ్లలో 4 శాతం సోడియం హైపోక్లోరైట్ 25 మి.లీ. కలిపి కాసేపు ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. 8 నుంచి 10 మి.మీ. మందంతో చక్రాలుగా తరగండి. రంగు నిలవాలంటే లీటరు నీళ్లకు 5 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపి పది నిమిషాలు నానబెట్టొచ్చు. అయితే ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఇది పడదు, వాడితే ప్యాకెట్ మీద రాసి తీరాలి. పరిచేటప్పుడు ఒకే వరస, చదరపు మీటరుకు నాలుగైదు కిలోలు. అంటే 100 కిలోలకు ఇరవై చదరపు మీటర్లు దాటుతుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: చోటు చాలక మందంగా పోస్తారు, రెండో రోజుకు బూజు. పుల్లటి కాయ కాబట్టి జింకు పూత రేకు, అల్యూమినియం వద్దు, స్టీలు లేదా ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ జాలీ వాడండి.

ఆరబెట్టడానికి పాలిథిన్ టన్నెల్ (పాలిథిన్ కప్పిన సొరంగంలాంటి పందిరి) వేస్తే కింద గాలి లోపలికి, పైన ఆవిరి బయటికి పోయే దారి రెండూ ఉండాలి. లోపల 55 నుంచి 60 డిగ్రీలు సరి. 70 దాటితే ముక్క నల్లబడుతుంది. మొదట్లోనే వేడి ఎక్కువైతే పైపొర గట్టిపడి లోపల తేమ ఉండిపోతుంది, నెలకే బూజు వస్తుంది. ముక్క తోలులా వంగాలి, నొక్కితే చెమ్మ తగలకూడదు. పొడికైతే ఫట్‌మని విరగాలి. ఎండాక మూతున్న డబ్బాలో వారం ఉంచి రోజూ కదపండి. డబ్బా లోపలి గోడకు చెమ్మ పడితే ఇంకో ఎండ అవసరం. టమోటా పొడి అయితే, గాల్లోని తేమను ఇట్టే లాగేసి గడ్డకడుతుంది, వాన ముసురు పట్టిన రోజున ప్యాకింగ్ పెట్టుకోవద్దు. అక్టోబరు, నవంబరు వానల్లో ఎండను నమ్మి ఒరుగులకు దిగకపోవడమే మంచిది. అప్పుడు గుజ్జే దారి.

గుజ్జుకు కాయలు ఉడికించి, తొక్కా గింజా జల్లెడ పట్టి, సగానికి మరగనివ్వండి. లీటరుకు రెండున్నర గ్రాముల సిట్రిక్ ఆసిడ్ కలపండి. పుల్లగానే ఉంది కదా అని మానొద్దు. బాగా పండిన కాయలో పులుపు తగ్గి పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) 4.6 దాటొచ్చు, అప్పుడు మూసిన సీసాలో బొటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. వేడి గుజ్జును వేడి సీసాలో పోసి, మూత బిగించి, మరిగే నీళ్లలో పూర్తిగా మునిగేలా లీటరు సీసాలను 50 నిమిషాలు ఉంచాలి. అమ్మేటట్టయితే ఒరుగులైనా గుజ్జైనా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

ఇన్ని చేసినా కొంత కుళ్లు మిగులుతుంది. దాన్ని తోటలో వదిలేస్తే టూటా, కాయతొలుచు పురుగులు అందులోనే పెరిగి పక్క పంట మీద పడతాయి. రెండడుగుల గుంతలో వేరుశనగ తొక్కు, ఎండుగడ్డి పొరలు మార్చి మార్చి వేసి పూడ్చండి. ఒట్టి టమోటా పోస్తే నీరు ఊరి కంపు కొడుతుంది, కుళ్లుతుందే గానీ ఎరువు కాదు. పశువులకు పండుకాయ మేతలో కలిపి కొద్దికొద్దిగా పెట్టొచ్చు. పచ్చికాయ, ఆకు వద్దు. మందు కొట్టిన గడువు తీరని తోట కాయ అసలే వద్దు.